ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, వింటే అందదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

పరకాల దగ్గరి పల్లెలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఇప్పుడు నయీంనగర్‌లో గది తీసుకొని ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నానని రాశారు. ఇంగ్లీష్ పుస్తకం చదివితే అర్థమవుతుందని, మెయిల్ కూడా రాయగలనని, కానీ ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసేవారు మాట్లాడితే సగం అందడం లేదని, అందిన సగానికి జవాబు చెప్పబోయేసరికి మాటలు దొరకడం లేదని చెప్పారు. గ్రామర్ మళ్లీ మొదటినుంచి చదవాలా, నెల రోజుల స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరాలా అన్నది మీ ప్రశ్న. హన్మకొండలో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులకు చాలాకాలంగా ఇంగ్లీష్ బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ప్రస్తుతానికి ఆ రెండూ పక్కన పెట్టండి. మీ కంటికి తెలిసిన ఇంగ్లీష్ మీ చెవికి ఇంకా తెలియదు. ముందు ఆ లోటు తీరాలి. మాట్లాడే సాధన దానికి తోడుగా, దాని వెనుకే నడవాలి.

ఈ ఇబ్బంది మీ తెలివిలో గానీ, మీరు చదివిన బడిలో గానీ లేదు. తెలుగులో రాతకు, పలుకుకు మధ్య దూరం తక్కువ. కాబట్టి ఇంగ్లీష్ పదాన్ని చూసినప్పుడు కూడా మన మనసు అక్షరాలను కూడబలుక్కొని ఒక శబ్దాన్ని తయారు చేసి దాచుకుంటుంది. కంఫర్టబుల్ అని మనం నాలుగు ముక్కలుగా దాచుకున్న పదం ఎదుటివారి నోట ‘కంఫ్టబుల్’ అని మూడు ముక్కలుగా వస్తుంది. వెజిటబుల్ ‘వెజ్టబుల్’ అవుతుంది. ‘ఆస్కెడ్’ అనుకున్నది ‘ఆస్క్ట్’ అని వినిపిస్తుంది. దాచుకున్న శబ్దం ఒకటి, చెవిన పడిన శబ్దం మరొకటి అయినప్పుడు, బాగా తెలిసిన పదం కూడా కొత్త పదంలాగే దాటిపోతుంది.

విడి పదాల సంగతి అలా ఉంటే, పదాలు కలిసినప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మన బడిలో నేర్చుకున్న సంధులు చాలు. ‘అతడు’, ‘ఎక్కడ’ కలిస్తే ‘అతడెక్కడ’ అవుతుందని మనకు ఎవరూ ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. ‘ఎప్పుడు వచ్చినావు’ అని రాసేది మన నోట ‘ఎప్పుడొచ్చినవ్’ అవుతుంది. ‘ఏం చేస్తున్నావు’ అన్నది ‘ఏం జేస్తున్నవ్’ అవుతుంది. పుస్తకాలు చదివి మాత్రమే తెలుగు నేర్చుకున్న మనిషిని తెచ్చి హన్మకొండ చౌరస్తాలో నిలబెడితే ఈ మాటలు ఒక్కటీ అతనికి చిక్కవు. ఇంగ్లీష్‌లో కూడా సంధి నిత్యం జరుగుతూనే ఉంటుంది, కానీ దాన్ని రాతలో చూపే అలవాటు ఆ భాషకు దాదాపు లేదు. పదం చివరి హల్లు తర్వాతి పదం మొదటి అచ్చుతో కలిసిపోతుంది: ‘పిక్ ఇట్ అప్’ అన్న మూడు పదాలు ‘పికిటప్’ అన్న ఒకే శబ్దంగా వస్తాయి. ‘డిడ్ యు’ కలిసి ‘డిడ్జు’ అవుతుంది. మీ ఇంటర్వ్యూలో ‘వాట్ డిడ్ యు వర్క్ ఆన్ ఇన్ యువర్ ఫైనల్ ఇయర్’ అని అడిగి ఉంటే, మీ చెవిన పడింది దాదాపుగా ‘వాడిడ్జు వర్కానిన్యొర్ ఫైనలియర్’. ఇందులో మీకు తెలియని పదం ఒక్కటీ లేదు. రాసి ఇస్తే ఒక్క క్షణంలో జవాబు చెప్పేవారు.

మరో కారణం ఊనిక, అంటే పలికేటప్పుడు కొన్ని ముక్కల మీద వేసే బలం. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానమైన బలంతో నడుస్తాయి. ఇంగ్లీష్ వాక్యంలో అర్థాన్ని మోసే కొన్ని పదాలు మాత్రమే గట్టిగా, సాగి పలుకుతాయి, మిగతావి నలిగిపోతాయి. ‘ఐ వాంటెడ్ టు టాక్ టు యు అబౌట్ ది జాబ్’ అన్న వాక్యంలో వాంటెడ్, టాక్, జాబ్ అన్న మూడు మాటలే స్పష్టంగా వినిపిస్తాయి. రెండు ‘టు’లు ‘ట’ అన్నంత తేలికగా వెళ్లిపోతాయి. నోరు పెద్దగా తెరవకుండా పలికే ఈ నలిగిన అచ్చును భాషాశాస్త్రంలో ష్వా అంటారు. ఇంగ్లీష్ మాటలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు ఇదే, దీనికి మన వర్ణమాలలో అక్షరం లేదు. ప్రతి పదమూ స్పష్టంగా వినిపించాలని ఎదురుచూసే శ్రోత ఈ నలిగిన ముక్కల దగ్గర ఆగిపోతాడు, అంతలో వాక్యం ముందుకు సాగిపోతుంది. బలంగా వచ్చిన పదాలను పట్టుకొని మధ్యవాటిని ఊహతో పూరించుకోవడం నేర్చుకున్నవారికి అదే వాక్యం సులువుగా అందుతుంది.

ఇక సాధన ఎలా చేయాలో చెబుతాను. ఇది కొంచెం విసుగు పుట్టించే పనే గాని, ఇంతకంటే ఫలితమిచ్చే పని నాకు తెలియదు. రాతప్రతి (మాట్లాడిన మాటలన్నీ రాసి ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్) దొరికే ఒక ఆడియో తీసుకొని, అందులోంచి ఒక్క నిమిషం భాగం ఎంచుకోండి. మొదట రాతప్రతి చూడకుండా రెండుసార్లు వినండి, ఎవరు ఎవరితో దేని గురించి మాట్లాడుతున్నారో తెలిస్తే చాలు. తర్వాత అందులో ఇరవై సెకన్ల ముక్క తీసుకొని, ఆపుతూ, వెనక్కి జరుపుతూ, వినిపించింది వినిపించినట్టుగా కాగితం మీద రాయండి. చిన్నప్పుడు బడిలో రాసిన డిక్టేషన్ లాంటిదే, కాకపోతే ఇక్కడ దిద్దేది మీరే. అందని చోట గీత గీసి వదిలేయండి. అయిదారుసార్లు విన్నా గీత గీతగానే మిగిలితే, అప్పుడు రాతప్రతి తెరిచి పోల్చి చూడండి.

దిద్దడంతో పని ముగియదు, అసలు చదువు అక్కడ మొదలవుతుంది. తప్పిపోయిన ప్రతి చోట ఎందుకు తప్పిందో పక్కనే రాయండి. ఆ పదం అర్థమే మీకు తెలియకపోవచ్చు. పదం తెలిసినా దాని పలుకు మీరు అనుకున్నట్టు లేకపోవచ్చు. లేదా రెండు మూడు పదాలు కలిసిపోవడం వల్ల విడదీయలేకపోయి ఉండవచ్చు. మీ వంటి విద్యార్థుల కాగితాలు చూసినప్పుడల్లా నాకు కనిపించేది ఒక్కటే: తప్పుల్లో ఎక్కువ భాగం పలుకు దగ్గర, కలయిక దగ్గర జరుగుతాయి, తెలియని పదాలు వాటికంటే తక్కువ. అందుకే కొత్త పదాల జాబితాలు బట్టీ పట్టినా వినికిడి మెరుగుపడదు. మామూలు సంభాషణకు అవసరమైన పదాలు మనం భయపడేంత ఎక్కువ కూడా కాదు. ఒకప్పుడు బెంగాల్‌లో బోధించిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన ప్రసిద్ధ పదపట్టికలో ఉన్నవి సుమారు 2,000 పదాలే. దాదాపు 3,000 పదకుటుంబాలు (వర్క్, వర్కర్, వర్కింగ్ లాంటి ఒకే మూలం గల పదాల గుంపులు) తెలిసినవారికి రోజువారీ ఇంగ్లీష్ మాటల్లో 95 శాతం వరకు తెలిసినవే వస్తాయని పదసంపదను లెక్కించిన పాల్ నేషన్ వంటి పండితులు చూపారు. ఇంజనీరింగ్ పుస్తకాలు చదివిన మీకు వాటిలో చాలావరకు కంటికి తెలిసే ఉంటాయి.

కారణాలు రాసుకున్నాక, రాతప్రతి మీద కళ్లు ఉంచి అదే నిమిషాన్ని మళ్లీ వినండి. తర్వాత మాట్లాడుతున్న గొంతు వెనుకే, ఒక్క మాట వెనకబడి, అదే వేగంతో, అదే ఊనికతో పైకి పలుకుతూ వెళ్లండి. దీన్ని షాడోయింగ్ అంటారు. మొదట్లో నోరు తిరగదు, వాక్యం సగంలో తప్పిపోతుంది; తప్పిన చోటు వదిలేసి తర్వాతి వాక్యాన్ని అందుకోవాలి. ‘పికిటప్’ అని మీ నోటితో మీరే నాలుగుసార్లు అన్న తర్వాత అది మరెప్పుడూ మీ చెవికి కొత్తగా ఉండదు. వినికిడి కోసం చేసే ఈ పని వల్ల నాలుక కూడా అలవాటు పడుతుంది కాబట్టి, మాట్లాడే సాధనకు పునాది ఇక్కడే పడుతుంది. మరునాడు కొత్త ఆడియోకు వెళ్లేముందు నిన్నటి నిమిషాన్ని ఒకసారి వినండి. ఒక్క మాట కూడా తప్పకుండా అందినప్పుడే దాన్ని వదిలిపెట్టండి. రోజూ గంటల కొద్దీ కొత్తవి వింటూ పోవడం కంటే, చేతిలో ఉన్న కొద్దిపాటి దాన్ని పూర్తిగా పిండుకోవడమే మీ స్థాయిలో మేలు.

ఏ ఆడియో వినాలన్న ప్రశ్నకు ఎక్కువ వెతుకులాట అవసరం లేదు. బ్రిటిష్ కౌన్సిల్ వారి లెర్న్‌ఇంగ్లీష్ వెబ్‌సైట్‌లో ఏ1 (మొదలుపెట్టేవారి స్థాయి), ఏ2, బీ1, బీ2, సీ1 (బాగా పట్టు ఉన్నవారి స్థాయి) అన్న స్థాయిల వారీగా, రాతప్రతితో సహా వినే పాఠాలు ఉన్నాయి. మీరు ఏ2 లేదా బీ1 దగ్గర మొదలుపెట్టండి. అది సులువనిపించాక బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారి సిక్స్ మినిట్ ఇంగ్లీష్‌కు వెళ్లవచ్చు, దానికీ రాతప్రతి ఉంటుంది. రాతప్రతి చదివినా అర్థం కానంత కష్టమైనది తీసుకోవద్దు. మీతో ఫోన్‌లో మాట్లాడేవారు ఎక్కువమంది బెంగళూరు, చెన్నై, పుణె, ఢిల్లీ వంటి చోట్ల పెరిగిన భారతీయులే కాబట్టి, ఆకాశవాణి ఇంగ్లీష్ వార్తలను, మన దేశంలోని అధ్యాపకుల ఉపన్యాసాలను కూడా వింటూ ఉండండి. వేగం తగ్గించి వినడం గురించి చాలామంది అడుగుతారు. ఒక కలయిక ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి 0.75 వేగంలో ఒకటి రెండుసార్లు విని, వెంటనే మామూలు వేగానికి రావాలి. నెమ్మదికి అలవాటు పడిన చెవికి ఫోన్‌లో ఎవరూ నెమ్మదిగా మాట్లాడరు. సినిమాల సంగతికొస్తే, తెలుగు సబ్‌టైటిల్స్‌తో చూసేది వినోదం మాత్రమే. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తే మీ కన్ను చదివేస్తుంది, చెవికి పని తగ్గిపోతుంది.

కాజీపేట స్టేషన్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ గురించి ఇంగ్లీష్‌లో ప్రకటన వచ్చినప్పుడు, జనం గోలలో, అరకొరగా పనిచేసే స్పీకర్‌లో కూడా మీకు అది అర్థమవుతుంది. రైలు పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నో నంబరు ప్లాట్‌ఫామ్ అన్న వరుస మీకు ముందే తెలుసు. ఖాళీల్లో ఏం రావాలో మీ మనసు సిద్ధంగా ఉంది. ఇంటర్వ్యూకు కూడా ఇలాంటి సిద్ధత సాధ్యమే. ఫ్రెషర్లను అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు: మీ గురించి, మీ ప్రాజెక్టు గురించి, సొంత ఊరి గురించి, ఎందుకు ఈ ఉద్యోగం అని, వేరే ఊరికి వెళ్లడానికి సిద్ధమేనా అని. ఒక్కో ప్రశ్నను ఎన్ని రకాలుగా అడగవచ్చో రాసుకొని, కాస్త బాగా మాట్లాడే మిత్రునితో వాటిని మామూలు వేగంలో చదివించి ఫోన్‌లో రికార్డు చేయించుకోండి. జవాబులు బట్టీ పట్టమని నేను చెప్పడం లేదు. బట్టీ పట్టిన జవాబు మధ్యలో ఒక్క ఎదురు ప్రశ్న వస్తే మొత్తం కూలిపోతుంది. ప్రశ్న చెవిన పడగానే పోల్చుకోగలిగితే చాలు.

ఫోన్‌కు మరో ఇబ్బంది ఉంది, అది మీ తప్పు కాదు. సాంప్రదాయిక టెలిఫోన్ మార్గం సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులనే మోస్తుంది. స, ఫ వంటి ఊదుడు శబ్దాల బలం చాలావరకు అంతకు పైన ఉంటుంది. పైగా ఎదుటివారి పెదవులు కనిపించవు. అందుకే ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అందే మాట ఫోన్‌లో అందదు. నెట్‌వర్క్ బాగున్నచోట ఇప్పటి ఫోన్లు ఇంకొంత మెరుగైన ధ్వనిని ఇస్తాయి గాని, అన్నిసార్లూ అలా ఉండదు. కాబట్టి మిత్రునితో చేసే సాధనలో కొంత భాగం వీడియో లేకుండా, మామూలు కాల్‌లోనే జరగాలి. ‘కెన్’, ‘కాంట్’ అన్నవి ఫోన్‌లో మనవాళ్లను బాగా ఇబ్బంది పెడతాయి. ‘ఐ కెన్ కమ్ ఆన్ మండే’ అన్నప్పుడు ‘కెన్’ నలిగిపోయి ‘కమ్’ మీద బలం పడుతుంది. రాలేనని చెప్పేటప్పుడు ‘కాంట్’ మీద బలం పడుతుంది, చివరి ‘ట్’ దాదాపు వినిపించదు. చివరి ‘ట్’ కోసం కాచుకోకుండా బలం ఎక్కడ పడిందో వినాలి.

ఇప్పుడు మాట్లాడడం. జవాబు తెలిసినా మాటలు దొరకకపోవడానికి ఒక ముఖ్య కారణం మన వాక్య నిర్మాణం. ‘నేను నిన్న మా అన్నతో కలిసి ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకొని పోయాను’ అన్నప్పుడు క్రియ అన్నిటికంటే చివర వస్తుంది. ఇంగ్లీష్‌లో ‘ఐ వెంట్’ అని మొదటే చెప్పేసి, ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడు అన్నవి తర్వాత ఒక్కొక్కటిగా కలుపుతారు. తెలుగు వాక్యాన్ని మనసులో పూర్తిగా కట్టుకొని, దాన్ని చివరినుంచి తిప్పి చెప్పబోయేవారు ‘ఐ యెస్టర్‌డే మై బ్రదర్...’ దగ్గర ఆగిపోతారు. దీనికి మందు ఏమిటంటే, ఎవరు ఏం చేశారన్న రెండు మూడు మాటలు ముందు బయటపెట్టడం, మిగతా వివరాలు తోచినట్టుగా తోచిన వరుసలో చేర్చడం. ‘ఐ వెంట్ టు ది మార్కెట్. విత్ మై బ్రదర్. టు సెల్ కాటన్.’ ఇలా ముక్కలుగా వచ్చినా వినేవారికి అర్థమవుతుంది, ముక్కల మధ్య ఖాళీలు అలవాటుతో అవే పూడుకుపోతాయి.

సాధనకు విషయం బయట వెతకవద్దు. ముందు రోజు విన్న నిమిషాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పడం రోజువారీ పని. దానికి తోడు మీకు క్షుణ్ణంగా తెలిసిన విషయాలు తీసుకోండి. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరకు మీ ఇంటివాళ్లు ఎలా వెళ్తారో, నిలువెత్తు బెల్లాన్ని బంగారమని అమ్మవార్లకు ఎందుకు సమర్పిస్తారో, ఎన్నడూ ఈ ప్రాంతం చూడని మనిషికి చెప్పి చూడండి. 1213 నాటి రామప్ప గుడి గురించి, దాని కింద ఇసుకతో నింపిన పునాది గురించి, నీటిలో తేలే ఇటుకల గురించి, 2021లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరడం గురించి చెప్పండి. ‘టెల్ మి అబౌట్ యువర్ నేటివ్ ప్లేస్’ అని అడిగినప్పుడు తడుముకోకుండా మాట్లాడడానికి ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది? ఒకే విషయాన్ని మొదట నాలుగు నిమిషాల్లో, తర్వాత మరొకరికి మూడు నిమిషాల్లో, చివరికి ఇంకొకరికి రెండు నిమిషాల్లో చెప్పే పద్ధతి ఒకటి ఉంది. పాల్ నేషన్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. విషయం మారదు కాబట్టి మూడోసారికి ఆలోచన తగ్గి మాట వేగం పెరుగుతుంది. ముగ్గురు దొరకకపోతే ఒక్కరికే చెప్పండి, ఆ ఒక్కరూ లేకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకొని వినండి. ఎగతాళి చేసే స్నేహితుల ముందు మాత్రం ఈ సాధన చేయవద్దు. ‘ఇంగ్లీష్ కొడుతున్నడు’ అన్న ఒక్క మాటకు నోరు మూసుకున్న మంచి విద్యార్థులను చాలామందిని చూశాను, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మీలాగే నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న ఒక్క తోడును వెతుక్కోండి.

ఉచ్చారణ విషయంలో బ్రిటిష్ వారిలా, అమెరికన్లలా పలకాల్సిన పని లేదు. అర్థానికి అడ్డుపడేవి మాత్రం దిద్దుకోవాలి. హల్లుతో ముగిసే పదానికి చివర ‘ఉ’ చేర్చి బస్సు, రోడ్డు అనడం తెలుగులో సహజం, ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు మాత్రం దాన్ని వదిలేయాలి. ‘ఎగ్’, ‘ఓన్లీ’ వంటి పదాల ముందు మనకు తెలియకుండానే వచ్చే ‘య’, ‘వ’లను గమనించండి. ‘జీరో’, ‘బిజీ’లలోని ఊదుడు ధ్వని మన జ కాదు, స పలుకుతూ గొంతులో నాదం కలిపితే అది వస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది పదంలో ఊనిక. డెవలప్‌లో బలం రెండో ముక్క మీద ఉంటుంది; ఫోటోగ్రాఫ్‌లో మొదటి ముక్క మీద, ఫొటోగ్రఫర్‌లో రెండో ముక్క మీద ఉంటుంది. ఊనిక తప్పితే ధ్వనులన్నీ సరిగ్గా ఉన్నా ఎదుటివారు ‘సారీ?’ అంటారు. ఏ పదానికి ఎక్కడ ఊనికో నిఘంటువులో చిన్న నిలువు గీతతో చూపిస్తారు, దాన్ని చూడడం అలవాటు చేసుకోండి.

రేపే ఇంటర్వ్యూ ఉండి, ప్రశ్న సగమే అందితే ఏం చేయాలి? మౌనంగా ఉండవద్దు, ఊహించి వేరే జవాబు చెప్పవద్దు. అందినంత వరకు తిరిగి చెప్పి మిగతాది అడగండి: ‘యు ఆర్ ఆస్కింగ్ అబౌట్ మై ప్రాజెక్ట్. కుడ్ యు ప్లీజ్ రిపీట్ ది లాస్ట్ పార్ట్?’ ఉత్త ‘సారీ’, ‘పార్డన్’ కంటే ఇది ఎంతో మేలు, ఎందుకంటే మీరు శ్రద్ధగా విన్నారని అది తెలియజేస్తుంది, వారు కూడా కావలసిన ముక్కనే కాస్త నెమ్మదిగా చెబుతారు.

ఎంతకాలం పడుతుందని అడిగారు. కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా ప్రకారం, మొదటినుంచి లెక్కిస్తే బీ1 స్థాయికి 350 నుంచి 400 గంటలు, బీ2 స్థాయికి 500 నుంచి 600 గంటల చదువు అవసరం. అంటే బీ1 దగ్గర ఉన్న మనిషి బీ2 చేరడానికి మరో 150 నుంచి 200 గంటలు కావాలి. రోజుకు గంటన్నర చొప్పున నాలుగు నెలల పని. ముప్పై రోజుల్లో అనర్గళంగా మాట్లాడిస్తామన్న బోర్డును ఈ లెక్కతో పోల్చి చూసుకోండి. గ్రామర్ పుస్తకాన్ని పారేయనక్కరలేదు, మీ రికార్డింగుల్లో పదేపదే దొర్లే తప్పు కనిపించినప్పుడు ఆ ఒక్క అధ్యాయం తెరిస్తే సరిపోతుంది.

రెండు నెలలు ఇలా చేశాక కూడా తోడు దొరక్క కోర్సులో చేరాలనిపిస్తే, ఫీజు కట్టేముందు ఒక్క తరగతిలో కూర్చుంటానని అడగండి. ఆ గంటలో అధ్యాపకుడు ఎంతసేపు మాట్లాడాడో, ఒక్కో విద్యార్థి ఎంతసేపు మాట్లాడాడో గడియారం చూసి గమనించండి. నలభై మంది కూర్చొని బోర్డు మీది టెన్సుల పట్టిక రాసుకుంటుంటే ఆ డబ్బు దాచుకోండి. పది పన్నెండు మంది జతలుగా విడిపోయి మాట్లాడుతూ, అధ్యాపకుడు వాళ్ల మధ్య తిరుగుతూ వింటూ దిద్దుతుంటే, అక్కడ చేరండి.